కోట గోడ మీద పసుపు చెయ్యి

నా చిన్నప్పుడు ఫరీదాబాద్‌లో మా పక్క వాటాలో ఒక ముసలావిడ ఉండేది. నానమ్మని పిలిచినట్టు నేను దాదీ అనేదాన్ని, కోడల్ని పిలిచినట్టు ఆవిడ అమ్మని బహూ అనేది. నాన్నది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, బదిలీ మీద కాకినాడ నుంచి అక్కడికి వచ్చి పడ్డాం. దాదీది మాత్రం ఆ ఊరే. ఊరి చివర పాత కోట గదుల్లో తరాలుగా కొన్ని కుటుంబాలు కాపురముండేవి. ఆవిడ జీవితమంతా అక్కడే గడిచింది. కోటని మ్యూజియం చేస్తామని అందరినీ ఖాళీ చేయిస్తే మా పక్క వాటాకి వచ్చింది.

దాదీకి అందుకు కోపం రాలేదు, అదీ విచిత్రం. అటువైపు ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు పుట్టింటి గోడ మీద పసుపు చేత్తో అచ్చు వేయిస్తారు. దాదీ ఒక్కగానొక్క కూతురు అలా అచ్చు వేసి వెళ్లి, మొదటి కాన్పులోనే పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. మిగిలిందల్లా గుమ్మం పక్కన ఆ చెయ్యి. వానలకి చెమ్మెక్కి ఎక్కడ రాలిపోతుందోనని ఆవిడకి యేటా బెంగే. మ్యూజియం అంటే పాతవాటిని పదిలంగా దాచే చోటు కదా, ఇక దిగుల్లేదు అనుకుంది పిచ్చితల్లి.

మ్యూజియం తెరిచాక ఒక ఆదివారం అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని బయల్దేరింది. చుట్టపుచూపుగా వెళ్తున్నట్టు మంచి దుపట్టా తలమీద కప్పుకుంది. లోపల గాజుపెట్టెల్లో తలపాగాలు, హుక్కాలు, వెండి కడియాలు. దాదీ దేన్నీ చూడలేదు. తిన్నగా తన గదికి నడిచింది. గోడంతా తెల్లటి సున్నం. అచ్చు ఉండాల్సిన చోట ఒక కత్తి వేలాడుతోంది, దాని కింద హిందీలో రాసిన పలక ఉంది.

ఆవిడ ఏడవలేదు. ఆ పలక వంక చూసింది. తనకి చదువు రాదు. "ఏం రాశారు బహూ?" అని అమ్మని అడిగింది.

అమ్మ పలక మీద వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు, తన వచ్చీరాని హిందీలో చదివింది. ఇక్కడ కాపురమున్న ఒక తల్లికి కూతురు ఉండేదట, ఆ పిల్ల చేతి ముద్ర ఈ సున్నం వెనక భద్రంగా ఉందట. బడిలో హిందీ చదువుతున్నదాన్ని, నేను నోరు తెరవబోయాను. పలక నిండా ఎవరో రాజుగారి కత్తి గొప్పలే. "నువ్వూరుకోవే," అంది అమ్మ తెలుగులో.

"అచ్ఛా," అంది దాదీ. "ఇంకోసారి చదువు బహూ."

అమ్మ మళ్లీ చదివింది.

అమ్మకి హిందీ మాట్లాడ్డం కాస్త వచ్చినా, అక్షరమ్ముక్క చదవడం రాదు. బస్సు మీద ఊరి పేరైనా నేనే చదివి చెప్పాలి. అది దాదీకి బాగా తెలుసు. చదవడం వచ్చిన నన్ను పక్కన పెట్టుకుని, రాని అమ్మని ఎందుకు అడిగిందో నాకు చాలా ఏళ్లకి గానీ అర్థం కాలేదు. ఆవిడకి కావలసింది పలక మీది మాట కాదు.

సున్నం వెనక ఏమీ లేదు. ఇటుక కనబడేదాకా పాత పూతంతా గీకేశాకే సున్నం వేశామని పనివాళ్లు తర్వాత నాన్నతో చెప్పారు. దాదీ మళ్లీ కోట మాటెత్తలేదు. ఆ చలికాలంలోనే పోయింది. అమ్మ చెప్పిన అబద్ధం ఆవిడని ఒక్క పూటైనా నిలబెట్టిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు నాకూ దాదీ వయసొచ్చింది. మనసు విరిగినవాళ్లు ఏదైనా అడిగితే, జవాబిచ్చే ముందు వాళ్లు నన్నే ఎందుకు అడుగుతున్నారా అని ఆలోచిస్తాను. దానివల్ల ఎవరి దుఃఖమూ తీరినట్టు నేను చూడలేదు. అమ్మా లేదు, దాదీ లేదు. ఆ పిల్లని తలుచుకోవడానికి లోకంలో నేనొక్కదాన్నే మిగిలాను, నేనేమో ఆ చేతిని ఒక్కసారైనా చూడలేదు.