నా పొట్టలోకి పంపిన వెలుగు

నేను నరసరావుపేటలో పరుపులు కుడతాను. ఆ రోజు పెళ్లివారి పరుపుకు దూది సర్దుతుంటే నా భార్య మస్తాన్‌బీ ఎదురుగా నిలబడి, "ఏందయ్యా, చేతులకి పసుపు రుద్దుకున్నావా? పెళ్లి వాళ్లకా, నీకా?" అని నవ్వింది. తెల్లటి దూది మీద నా చేతులు నిజంగానే పచ్చగా ఉన్నాయి. అప్పటికే కొన్ని వారాలుగా ఒళ్లంతా దురద. మా పనిలో దూది నుసికి అందరికీ దురదే కాబట్టి పట్టించుకోలేదు. నొప్పి మాత్రం లేదు.

పక్కింటి సైదమ్మక్క వచ్చి, "పసరు పోయించుకో తమ్ముడా, దిగిపోద్ది" అంది. నేను బడి ఏడో తరగతితోనే మానేసినా, మా గ్రంథాలయంలో నేను తిరగెయ్యని వైద్య పుస్తకం లేదు.

"కామెర్లు జబ్బు కాదక్కా, జబ్బుకు గుర్తు" అన్నాను.

"సరేలే డాక్టరూ!" అంటూ వెళ్లిపోయింది.

స్కాన్‌లో పిత్తం పారే నాళం మూసుకుపోయినట్టు కనిపించింది. హైదరాబాద్‌లో నోటి గుండా కెమెరా గొట్టం పంపి (ఈఆర్‌సీపీ అంటారు), నాళం తెరుచుకునేలా స్టెంట్ అనే చిన్న గొట్టం పెట్టారు, బయాప్సీ పరీక్షకు ముక్క తీశారు. "బైల్ డక్ట్ క్యాన్సర్. ఆపరేషన్‌కు కుదిరే చోట లేదు" అన్నారు డాక్టర్ గారు. ఫొటోడైనమిక్ థెరపీ చేద్దామన్నారు. వెలుతురు తగిలితే కణాలను చంపే మందు నరానికి ఎక్కించి, రెండు రోజులాగి, నోటి గుండా సన్నటి ఫైబర్ పంపి లోపల ఎర్రటి లైటు వేస్తారు. "నయం చేయడానికి కాదు. దారి కొంతకాలం తెరిచి ఉంచడానికి" అని ముందే చెప్పారు.

ఆ మందు చర్మంలోనూ ఉంటుంది కనుక కొన్ని వారాలు ఎండ తగలకూడదు. లైటు వేయించుకుని ఇంటికొచ్చాక కిటికీలకు పరుపుగుడ్డ రెండు మడతలు వేసి కొట్టించాను. నా చేయి నాకే కనపడేది కాదు. ఆ సంగతి ఫోన్లో విని ఆసుపత్రి నర్సమ్మ, "అంత చీకటి వద్దండీ. మామూలు బల్బు వెయ్యండి. ఆ కాస్త వెలుతురుకే చర్మంలో మందు మెల్లగా పోద్ది" అంది.

"ఈ ముక్క నీ పుస్తకాల్లో లేదా?" అంది మస్తాన్‌బీ, బల్బు వేస్తూ.

ఆ బల్బు కింద చదివిన విజ్ఞాన పత్రికలోనే నాకు ఆశ దొరికింది. జెల్లీలాంటి మెత్తటి ఫైబర్లు ఒంట్లోనే అమర్చి, కావలసినప్పుడల్లా వాటి గుండా వెలుగు పంపొచ్చట. లోపలి మార్పులను కూడా ఆ వెలుగుతోనే కనిపెట్టొచ్చట. మస్తాన్‌బీకి చదివి వినిపించాను. ఆమె వీధంతా చెప్పింది: "మా ఆయనకి లైటు లోపలే పెడతారంట!"

కొన్నాళ్లు దురద లేదు. తర్వాత చలిజ్వరం, మళ్లీ పచ్చదనం. స్టెంట్ మార్చారు. స్కాన్ చూస్తున్న డాక్టర్ గారి ముందు పత్రిక పెట్టాను. ఓపిగ్గా చదివారు.

"మీరు చదివింది నిజమే ఖాసిం గారూ. కానీ ఇది ఇంకా ప్రయోగాల్లోనే ఉంది. చేతికొచ్చినా, ఆ వెలుగు కండలో కొద్ది మిల్లీమీటర్లే పోతుంది. మీ జబ్బు లివర్‌లోకి వెళ్లిపోయింది."

"పోనీ, పోయినసారి లాగే ఇంకోసారి లైటు..." అంది మస్తాన్‌బీ.

"ఉపయోగం లేదమ్మా."

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాను. దురదకూ నొప్పికీ మాత్రలు వేసుకుంటున్నాను. పరుపులు ఆమే కుడుతోంది. పొద్దున్నే వాకిట్లో, ఎండలో నాకు కుర్చీ వేస్తుంది. ఒంట్లో ఆ మందు లేదు, ఇక ఎక్కించరు. ఎండ నన్నేమీ చెయ్యదు.

దూది, మిర్చి, సిమెంటు పనుల్లో ఉన్నవాళ్లకు ఒక్క మాట. దురద మనకు అలవాటే. కానీ పని మానిన రోజుల్లో కూడా తగ్గకపోతే దాన్ని నుసి మీదకు నెట్టకండి. కళ్లు పచ్చబడేదాకా ఆగకుండా రక్తపరీక్ష, స్కాన్ చేయించుకోండి. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి. అప్పుడు నాకూ లేదు.