నలభై ఏడో నంబరు

మా బావని సైటులో అందరూ ‘నిదానం’ అనేవారు. ఆ పేరు పెట్టింది నేనే. అక్క మొగుడికి పేరు పెట్టే హక్కు నాకు కాక ఇంకెవరికుంటుంది? ఆయన హెల్మెట్ అద్దం తుడుచుకునేలోపు నేను రెండు గొట్టాలు పైకెక్కించి సరిచేసేవాణ్ణి. నేను ఫిట్టర్ని. రెండు గొట్టాల మూతుల్ని ఎదురెదురుగా, వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టడం నా పని. వాటిని అతకడం వెల్డరుగా ఆయన పని. నిలబెట్టేసి, చేతులు కట్టుకుని, ఈ మహానుభావుడు ఎప్పటికి ముగిస్తాడా అని చూస్తూ ఆరేళ్లు గడిపాను.

మిగతా వెల్డర్లు రోజుకి నాలుగైదు జాయింట్లు లాగేవారు. మా బావ రెండు. వెల్డింగ్ రాడ్డు అంటించే ముందు గొట్టం అంచంతా బొటనవేలితో తడిమేవాడు. ఒక చుట్టు వేసి, గ్రైండరు పట్టి, తల వంచి చూసి, మళ్లీ గ్రైండరు పట్టేవాడు.

“ఏం బావా, గొట్టానికి జోలపాట పాడుతున్నావా?” అనేవాణ్ణి.

“పడుకోనీరా. అది లేచిందంటే మనల్ని పడుకోబెడుతుంది,” అనేవాడు.

ఇంతే ఆయన హాస్యం. ఏడాదికి రెండుసార్లు వినిపించేది.

మా పని ఏడాది పొడుగునా ఉండేది కాదు. ఆ చలిదేశంలో మంచు మొదలైతే బయట ఇనుము పని ఆగిపోతుంది. ఎనిమిది నెలలకి కంపెనీ వీసా ఇప్పిస్తుంది, ఆపైన ఇంటికి పంపేస్తుంది. మళ్లీ సీజను ముందు కంపెనీ నుంచి ఉత్తరం రావాలి. అందులో పేరుంటే వీసా, లేకపోతే లేదు. పేరు పక్కన పని కూడా రాస్తారు. నా పేరు పక్కన ఆరేళ్లూ ‘ఫిట్టర్’ అనే ఉంది. నాకది ముల్లులా గుచ్చుకునేది. వెల్డరుకి ఒక నంబరుంటుంది. వేలెడంత ఉక్కు ముక్క మీద ఆ నంబరు చెక్కి ఇస్తారు, దాన్ని పంచి అంటారు. జాయింటు అయ్యాక దాన్ని పక్కన పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే నంబరు ఇనుములో దిగిపోతుంది. ఎన్నేళ్లయినా ఆ పని ఎవరు చేశారో ఇనుమే చెబుతుంది. మా బావది నలభై ఏడు. ఫిట్టరుకి ఏ నంబరూ ఉండదు.

సెలవు రోజుల్లో బావ నాకు చెత్త ముక్కల మీద వెల్డింగ్ నేర్పేవాడు. “అడుగున మొదలుపెట్టకురా. రెండు వేళ్లు దాటి మొదలుపెట్టు. ప్రతి చుట్టూ వేరే చోట మొదలుపెట్టు,” అని చెప్పి చెప్పి ఆయన నోరు అరిగిపోయింది. గొట్టం అడుగున, కింద పడుకుని పైకి చూస్తూ రాడ్డు అంటించాలి. అన్ని చుట్లూ అక్కడే మొదలుపెడితే ఆ చోట ఇనుము సరిగ్గా కరగదు, లోపల సందు మిగిలిపోతుంది. నాకేమో అడుగునే చెయ్యి కుదురుగా ఉండేది. ఆయన చూడనప్పుడు అక్కడే మొదలుపెట్టేవాణ్ణి. వచ్చి వేలు పెట్టి తడిమి, “మళ్లీ అడుగునే,” అని గ్రైండరు నా చేతిలో పెట్టేవాడు. పైకి ఎంత నున్నగా చేసినా ఆయన వేలికి దొరికిపోయేవాణ్ణి.

పోయిన సీజను చివర వెల్డర్లందరూ ఒకే రోజు వెళ్లిపోయారు. ఫిట్టర్లం ఇంకో పది రోజులుండాలి. బస్సు ఎక్కే హడావుడిలో, స్టోరు ముందు పెద్ద వరస చూసి, బావ తన పంచి నా అరచేతిలో పెట్టాడు. “స్టోరులో ఇచ్చెయ్యరా, మర్చిపోకు,” అన్నాడు. అన్నం తిన్న చెయ్యి కూడా రెండుసార్లు కడుక్కునే మనిషి, ఆ ఒక్క పనీ నా మీద వదిలేశాడు. నేను మర్చిపోలేదు. ఇవ్వలేదు, అంతే.

రెండు రోజుల తర్వాత ఫోర్‌మన్ నన్ను పిలిచాడు. భోజనాల షెడ్డు మీదుగా పోయే గొట్టాల లైను మంచు పడేలోపు ముగియాలని పైవాళ్లు అతన్ని కాల్చుకు తింటున్నారు. పదకొండు జాయింట్లు మిగిలాయి, వెల్డరు ఒక్కడూ లేడు.

“నీకు వచ్చుగా. చేసెయ్. వచ్చే ఉత్తరంలో నీ పేరు పక్కన వెల్డర్ అని రాయిస్తా,” అన్నాడు.

“మరి నంబరు?”

“మీ బావది నీ దగ్గరే ఉందిగా,” అని నవ్వాడు. రికార్డులో తేదీలు తను చూసుకుంటానన్నాడు.

పదకొండు జాయింట్లూ రెండు రోజుల్లో లాగేశాను. బావకైతే వారం పట్టేది. ఒక్కొక్కదాని పక్కనా నలభై ఏడు కొడుతుంటే సిగ్గుపడలేదు, గాల్లో తేలిపోయాను. ఈ పని నాది అని ఎవరికీ చెప్పుకోలేకపోతున్నానన్న బాధ ఒక్కటే ఉండేది. నా బుద్ధి అలా ఉండేది. ఇంటికి బయల్దేరే రోజు పంచి స్టోరులో ఇచ్చేశాను.

ఈ సీజను ఉత్తరం వచ్చింది. నా పేరు పక్కన ‘వెల్డర్’ అని ఉంది. అక్క దాన్ని నాలుగుసార్లు చదివి, “మీ బావ చలవేరా,” అంది. బావ నా భుజం తట్టాడు.

సైటుకి చేరిన మొదటి రోజే, స్టోరులో పంచి తీసుకుని బ్యాగు కూడా విప్పకముందే, క్వాలిటీ మేడమ్ దగ్గర్నుంచి బావకి కబురొచ్చింది. నేనూ వెంట వెళ్లాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కానీ జాయింట్ల విషయంలో కన్నతండ్రినైనా వదలదు. వెలుగుతున్న అద్దం మీద మూడు ఎక్స్‌రే ఫిల్ములు పెట్టింది. తెల్లటి గీత మధ్యలో నల్లటి చారలు, ఇనుము కరగక మిగిలిన సందులు. ఏ ఫిల్ములో చూసినా అడుగునే.

“నలభై ఏడు నీదేగా? షెడ్డు మీద లైను. పదకొండింటిలో మూడింటికి ఫిల్ము తీస్తే మూడూ పోయాయి. ఏమైంది నీకు?” అంది. ఆవిడ గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. ఆరేళ్లలో బావ జాయింటు ఒక్కటీ పోలేదు.

 బావ ఆ లైను మీద చెయ్యే వెయ్యలేదు. రికార్డులో ఫోర్‌మన్ రాయించిన తేదీ చూశాను. బావ ఉన్నప్పటి తేదీ వెయ్యబోయి తొందరలో తప్పు వేశాడు, అది బావ వెళ్లిపోయిన మర్నాటిది. బావ చొక్కా జేబులో పాస్‌పోర్టు ఉంది. దాని మీద ముందురోజే దేశం దాటి వెళ్లిన ముద్ర ఉంది. తీసి బల్ల మీద పెడితే ఆయన గండం గట్టెక్కుతాడు, నా బతుకు బజారున పడుతుంది.

“ఒకసారి చూడొచ్చా మేడమ్?” అన్నాడు బావ.

నలుగురం వెళ్లాం. ఫోర్‌మన్ కూడా వచ్చాడు. షెడ్డు మీద నిచ్చెన వేసుకుని బావ పైకెక్కాడు. జాయింటు పైభాగం చూడనే లేదు. చెయ్యి గొట్టం కిందకి పోనిచ్చి, బొటనవేలితో అడుగున తడిమాడు. తర్వాతి జాయింటు దగ్గరా అంతే. మూడోదాని దగ్గర వేలు ఆగిపోయింది. తల తిప్పి కిందనున్న నన్ను చూశాడు.  

కిందకి దిగి, చేతులు తుడుచుకుని, “నావే,” అన్నాడు.

 ఫోర్‌మన్ నోరు తెరిచాడు.

“మూడూ కోయించి మళ్లీ చేయిస్తా. ఇంకో రెండింటికి ఫిల్ము...” అని మేడమ్ అంటుంటే బావ అడ్డొచ్చాడు.

“వద్దు మేడమ్. అన్నీ ఒకటే చేత్తో చేసినవి. పదకొండూ కోసెయ్యండి.”

“మూడు చాలు మేడమ్! ఎల్లుండి గాలి నింపి ప్రెషర్ చూడాలి,” అన్నాడు ఫోర్‌మన్.

“చేసినవాణ్ణి నేను చెబుతున్నా. అన్నీ కోసెయ్యండి. అంతవరకు ఆ లైనులోకి గాలి వదలొద్దు,” అన్నాడు బావ. ఆయన గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు.

 మేడమ్ పదకొండూ కోయమని రాసింది. అదే కాగితం కింద, ఈ మనిషిని సీజను జాబితాలోంచి తీసేయాలని కూడా రాసింది. రూలు రూలే. బావ తలూపి, పంచి బల్ల మీద పెట్టి గదికి వెళ్లిపోయాడు.

నేను చెప్పాల్సింది అప్పుడే.  సాయంత్రం చెబుదామనుకున్నాను. గదిలో ఆయన మంచం, నా మంచం పక్కపక్కనే. ఆయన ఒక్క మాట అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు భోజనం వేళ అక్క ఫోన్ చేసింది. “బావ గొంతు అదోలా ఉందేంట్రా?” అంది. “ఏం లేదక్కా, ఇక్కడ చలి,” అన్నాను. సొంత అక్కతో ఆ మాట ఎలా అనగలిగానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆయనే ఒప్పుకున్నాడు కదా, నన్ను కాపాడాలనే కదా, ఇప్పుడు నేను నోరు విప్పితే ఆయన త్యాగం బూడిదలో పోసినట్టే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పిరికితనానికి ఎన్ని మంచి పేర్లయినా దొరుకుతాయి.

మూడో రోజు జాయింట్లు కోస్తున్నారు. కోసిన ముక్కల్ని గొలుసుతో కిందకి దించే పని నాకే పడింది. ఎనిమిది దిగాయి. తొమ్మిదోది నేలకి మూరెడు ఎత్తులో ఉండగా గొలుసు జారింది. ఠప్పున కిందపడి, జాయింటు దగ్గర రెండుగా విడిపోయింది.

సుత్తి దెబ్బ కూడా తగల్లేదు. మూరెడు ఎత్తు నుంచి పడింది, అంతే.  మేడమ్ ఒక ముక్క ఎత్తి లోపలికి చూసి, నాకు అందించింది. గొట్టం అంచు సగానికి పైగా కరగనే లేదు. అతకడానికి ముందు ఫిట్టరుగా నేను పెట్టిన ఆకురాయి గీతలు అలాగే, నిన్న పెట్టినట్టు మెరుస్తున్నాయి. దీనికి ఫిల్ము తీయలేదు. అనుకున్నట్టు ఆ రోజు ప్రెషర్ పెట్టి ఉంటే ఏమయ్యేదో చూద్దామని షెడ్డు లోపలికి తల తిప్పాను. సరిగ్గా ఆ జాయింటు ఉండిన చోటు కింద పొడుగాటి బల్ల ఉంది. రోజూ ఎనభై మంది టీ తాగే బల్ల. దాని మీద ఎవరిదో తాగి వదిలేసిన గ్లాసు ఉంది.

 ముక్కని మేడమ్ చేతికి తిరిగిచ్చాను.

“నేను చేశాను మేడమ్. ఆయన కాదు. పదకొండూ నేనే చేశాను,” అన్నాను. ఫోర్‌మన్ ఏమన్నాడో, తేదీలు ఎవరు వేశారో, పంచి నా దగ్గర ఎందుకుందో అన్నీ కక్కేశాను.

బావని పిలిపించారు. మేడమ్ పాస్‌పోర్టు అడిగి ముద్ర చూసింది. 

“మొదటి రోజే చెప్పి ఉంటే సరిపోయేది కదయ్యా!” అని నా మీద అరిచింది. “ఇతన్ని తీసేసిన కాగితం ఆ సాయంత్రమే వెళ్లిపోయింది. నిన్న ఆ చోటు ఇంకో వెల్డరుకి ఇచ్చేశారు. ఈ సీజనుకి ఉన్న వీసాలు లెక్కకి లెక్క. నేనిప్పుడు ఎక్కణ్ణుంచి తేను?”

నా పేరు శాశ్వతంగా కొట్టేశారు. అందులో అన్యాయం ఏమీ లేదు. ఫోర్‌మన్ కూడా మూట సర్దుకున్నాడు. బావకి మాత్రం వచ్చే సీజను మళ్లీ పరీక్ష పెడతామన్నారు. పంచి ఇంకొకరి చేతిలో పెట్టినందుకు అది శిక్ష. ఆరేళ్ల నలభై ఏడో నంబరు రద్దయింది.

ఇద్దరం ఒకే బస్సులో పక్కపక్క సీట్లలో బయల్దేరాం. సగం దారి ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఉండబట్టలేక నేనే అన్నాను:

“నన్ను కాపాడ్డానికి అంత పెద్ద అబద్ధం ఎందుకాడావు బావా?”

ఆయన ఇటు తిరిగాడు. నిజంగా నిర్ఘాంతపోయిన మొహం.

“నిన్ను కాపాడ్డానికా? అలా అనుకున్నావా?”

అవునన్నట్టు తలూపాను.

“నావి కావంటే ఎవరివి అని వెతుకులాట మొదలవుతుంది. ఈలోగా ఫోర్‌మన్ ఆ మూడూ మార్పించి గాలి వదిలించేస్తాడు. చేసినవాడే అన్నీ కోయమంటే కాదనడానికి ఎవరికీ నోరు రాదు. అందుకన్నాను నావి అని. ఆ బల్ల దగ్గర కూచునేవాళ్ల కోసం అన్నాన్రా. నీ కోసం కాదు. నీ సంగతి నువ్వే చెప్పుకుంటావనుకున్నా. సాయంత్రానికి చెప్తావనుకున్నా. చెప్పలేదు. పొద్దున చెప్తావనుకున్నా.”

బస్సు ఎక్కడో ఆగి, ఎవరో దిగి, మళ్లీ కదిలింది.

“మూడు రోజులు పట్టింది నీకు,” అన్నాడు. “నన్నా నిదానం అనేది?”

ఆ పేరు పెట్టింది నేనే.