మా షెడ్డుకు వచ్చిన రష్యావాడు

మన దేశం ఏ కూటమిలోనూ చేరకుండా తన దారిన తాను నడిచిన రోజుల్లో, ఆ దారి వేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. సరే, వేయలేదు. పక్కన నిలబడి చూశాను. ఇంకా నిజం చెప్పాలంటే, ముంబై పక్కన భివండీలోని ఒక షెడ్డులో నాలుగు సాంచాలు నడుపుతూ, ఆ మరమగ్గాల చప్పుడులో పక్కవాడు అరిచి చెప్పిన వార్తలు విన్నాను.

అయినా మా ఇంట్లో విదేశాంగ శాఖ నాదే. రష్యా దగ్గర చమురు కొని అమెరికాతో సైనిక విన్యాసాలు చేయడమేమిటని ఎవరడిగినా జవాబు నేనే చెబుతాను. అడగకపోయినా చెబుతాను.

అందుకే మనవరాలు నా దగ్గరికి వచ్చింది. బీఏ చివరి ఏడాది, రాజనీతిశాస్త్రం. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి మన దేశం ఎవరితో స్నేహం చేసింది, ఎవరికి ఎడంగా ఉంది అన్న చరిత్ర మీద ప్రాజెక్టు రాస్తోంది. అందులో ఒక అధ్యాయం పుస్తకాల్లోంచి కాకుండా, ఆ కాలం చూసిన పెద్దమనిషి నోటి నుంచి రావాలట. ఆయన దాని కింద సంతకం పెట్టి, వాళ్ల కాలేజీ మేడమ్ ఎదుట కూర్చుని జవాబులు చెప్పాలట. ప్రాజెక్టు నెగ్గితే ముంబైలో ఎమ్మే సీటు కోసం మేడమ్ సిఫారసు ఉత్తరం రాస్తుంది. లేకపోతే లేదు.

"తాతా, మీ షెడ్డుకు రష్యోడొచ్చిండని అంటుంటవ్ గద, గది చెప్పు" అంది.

చెప్పాను. సోవియట్ ప్రతినిధి బృందం వచ్చిందనీ, వాళ్ల నాయకుడు సరిగ్గా నా సాంచా దగ్గరే ఆగాడనీ, నా చెయ్యి పట్టుకుని మీరూ మేమూ అన్నదమ్ములం అన్నాడనీ. ఆయన కళ్లలో నీళ్లు కూడా తెప్పించాను. పిల్ల తలెత్తకుండా ఆరు పేజీలు రాసుకుంది.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "మొదాల ఒక్కడే వచ్చిండంటివి గదయ్యా. గిప్పుడు గుంపయ్యిండ్రా? ఇంకో రెండేండ్లయితే మిలిట్రీ గూడ దిగుతది."

"నీకేం దెల్సు విదేశాంగం?"

"నాకు నువ్ దెల్సు. గది చాలు."

సంతకం పెట్టేశాను.

మేడమ్ దగ్గరికి వెళ్లే రోజు పొద్దున్నే ఇద్దరం కామత్‌ఘర్‌లో షేర్ ఆటో ఎక్కాం. ధామన్కర్ నాకా దగ్గర బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పిల్ల తన దగ్గరున్న జిరాక్సు కాగితాలు తిరగేస్తూ మామూలుగా అడిగింది.

"తాతా, సాల్ రాసుడు మర్చిన. ఏ సంవత్సరం?"

"మీ నాయిన పెండ్లైన ఏడు. పెండ్లైన మర్నెలనే గాయన వచ్చిండు."

ఆమె పెన్ను ఆగింది. "నాయిన పెండ్లినాటికి సోవియట్ యూనియన్ యాడున్నది తాతా? అది ముక్కలై ఎన్నేండ్లైంది!"

నా పక్కన కూరగాయల సంచీ ఒళ్లో పెట్టుకున్నామె, మా తెలుగు మనిషే, నా మొహంలోకి వంగి చూసింది. "చెప్పున్రి పెద్దాయనా, పోరి అడుగుతున్నది గద" అంది.

"తాతా, ఖరం సాంగ్" అంది మనవరాలు. నిజం చెప్పమనాల్సి వస్తే మా పిల్లకు బడిలో నేర్చిన మరాఠీయే వస్తుంది.

చెప్పాను. బృందం లేదు. ఒక్కడే మనిషి. మా సేఠ్ విదేశాల నుంచి వాడేసిన మగ్గాలు రెండు తెప్పిస్తే, వాటిని బిగించడానికి వచ్చిన ఫిట్టర్.

"రష్యోడేనా?"

"స్విట్జర్లాండో ఏందో అన్నడు సేఠ్."

"నేను మేడమ్‌కు ఇచ్చేసిన తాతా. నీ సంతకంతోని."

కాగితాలు మడిచి బ్యాగులో పెట్టి, బయటికి చూస్తూ కూర్చుంది. తిట్టి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. కూరగాయలామె కూడా ముఖం అటు తిప్పుకుంది.

కాలేజీలో మేడమ్ మరాఠీలో అడిగింది, నేను బజారు హిందీలో చెప్పాను. ఆ నాయకుడు ఇంకేమన్నాడని మొదటి ప్రశ్న. నా నాలుక మీద మంచి మాటలు మూడు తయారుగా ఉన్నాయి. సంవత్సరాన్ని కాస్త వెనక్కి జరిపితే అంతా అతుకుతుంది కూడా. కానీ మనవరాలు నేలకేసి చూస్తోంది.

"ఆయన ఏమీ అనలేదు మేడమ్. పానా అడిగాడు, అందించాను. నాయకుడు కాదు, ఫిట్టర్. రష్యావాడూ కాదు. పిల్ల తప్పు లేదు, అబద్ధం నాది."

మేడమ్ ఆరు పేజీల మీదా అడ్డంగా గీత కొట్టింది. తర్వాత కలం పక్కన పెట్టి అడిగింది: "అతన్ని రష్యావాడని ఎందుకు అనుకున్నారు?"

అది ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. చిన్నప్పుడు మా ఊళ్లో రేషన్‌కు ఎర్ర గోధుమలు వచ్చేవి. అవి అమెరికావన్నారు. తింటూనే తిట్టుకునేవాళ్లం. ఉక్కు కర్మాగారానికి మిషన్లు రష్యా ఇచ్చిందని పంతులు చెప్పాడు. బంగ్లాదేశ్ యుద్ధంలో అమెరికా మన మీదికి ఓడ పంపితే రష్యా అడ్డం నిలిచిందని షెడ్డులో అరుచుకున్నాం. గోధుమలంటే అమెరికా, మిషన్లంటే రష్యా. అందుకే తెల్లవాడు పానా పట్టుకుని కనిపించగానే షెడ్డు షెడ్డంతా రష్యావాడే అనుకున్నాం. ఆ దేశం ముక్కలైన కబురు మా దాకా రాలేదు. సేఠ్ చెప్పిన స్విట్జర్లాండ్ రష్యాలో ఒక జిల్లా కాబోలనుకున్నాం.

మేడమ్ నవ్వింది. "ఎవరి యుద్ధంలోనూ చేరని దేశమది" అంది.

"మన లాగేనా?"

"కాదు. వాళ్లు తలుపేసుకున్నారు. మనం అన్ని ఇళ్లకూ వెళ్లివచ్చాం. అవసరపడ్డప్పుడు రష్యాతో ఒప్పందమూ రాసుకున్నాం." మనవరాలి వైపు తిరిగింది. "ఈ అధ్యాయం చెల్లదు. ఇప్పుడు చెప్పింది రాసి శుక్రవారం తీసుకురా. చూసింది వేరు, విన్నది వేరు, అనుకున్నది వేరుగా."

ఆ మూడు రోజులూ పిల్ల నన్ను పోలీసులాగా కూర్చోబెట్టింది. వాక్యానికొకసారి, "చూసినవా, ఇన్నవా, అనుకున్నవా?" గోధుమలు చూసినవాటిలోకి పోయాయి. ఓడ విన్నవాటిలోకి. రష్యా మొత్తం అనుకున్నవాటిలోకి.

"పానా ఇస్తే నవ్విండని రాయి."

"నవ్విండా?"

"నవ్వే ఉంటడు."

"కాట్" అని ఆ మాట కొట్టేసింది.

ఆరు పేజీలు ఒకటిన్నరకు దిగాయి. మా ఆవిడ అంతా చదివించుకుని, "గిది మా ఆయినెనే చెప్పిండా?" అని పిల్లనే అడిగింది.

శుక్రవారం నన్ను రావద్దంది. సాయంత్రం చెప్పులు విడవకుండానే, "ఒప్పుకున్నరు తాతా! ఉత్తరం గూడ రాస్తమన్నరు" అని అరిచింది.

"నా గురించి ఏమడిగిండ్రు?"

"ఏమడగలే. సదివిండ్రు, పాస్ అని రాసిండ్రు."

"ఒక్క ముచ్చట గూడ అడగలేదా?"

"ఒక్కటి గూడ లే."

సంతోషించాను. కాస్త నొచ్చుకున్నాను కూడా.