కారు స్క్రీన్‌కి తువ్వాలు కప్పాను!

మొన్న ఆదివారం చింతలపూడి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మా వియ్యపురాలు ఫోన్ చేస్తే ముందు నవ్వుతోంది, తర్వాతే హలో అంటోంది. ఎందుకో చెప్తాను గానీ, ముందు మీ ఫోన్లన్నీ ఆ అరుగు మీద పెట్టి రండి. నవ్వకండి, పెట్టండి! పెట్టారా? సరే, టీ తాగుతూ వినండి.

తప్పంతా ఆ టచ్‌స్క్రీన్‌ది. మా కారులో ఇదివరకు గుండ్రటి మీట ఉండేది కదా, తిప్పితే పాట, ఇంకాస్త తిప్పితే గట్టిగా పాట. చక్కగా పనిచేసేదాన్ని పీకించేసి, మా ఆయన హనుమాన్ జంక్షన్‌లో పలకంత స్క్రీన్ పెట్టించుకొచ్చారు. నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. ఆన్ చేయగానే అదేం అడిగిందో తెలుసా? నా కాంటాక్ట్స్ చూడనిస్తారా అని!

"పాటలు పాడేదానికి మన చుట్టాల నంబర్లెందుకండీ?" అన్నాను.

"అది బ్లూటూత్ వరలక్ష్మీ. అందర్నీ అలాగే అడుగుతుంది."

"అందర్నీ అడుగుతోందంటే ఇంకా అనుమానించాలి!"

వింటేగా! పాటలన్నీ నా ఫోన్లో ఉన్నాయని నా ఫోన్‌నే తీసుకెళ్ళి దానికి ముడిపెట్టారు.

ఇక అసలు సంగతి. మా శిరీషకి పెళ్ళయ్యాక ఇదే మొదటి మామిడి కాపు. తొలి రసాల బుట్ట వియ్యాలవారింటికి వెళ్ళాలా వద్దా? వెళ్ళాలి. ఆ బుట్టని వాళ్ళ వీధి వీధంతా చూస్తుంది. కాయ బాగుంటే పిల్లకి గౌరవం, బాగాలేకపోతే ఏ పండగొచ్చినా ఆ ముచ్చటే. సరిగ్గా అప్పుడే గాలివాన కొట్టి కాయ చాలావరకు రాలిపోయింది. చెట్టు మీద మిగిలిన మంచివి తోట కొన్న షావుకారుకి ఒప్పుకున్నాం. ఏం చేయను? బుట్ట మన పద్ధతిలో సర్దాను. పైన నున్నటి కాయలు, మధ్యలో వరిగడ్డి, అడుగున మచ్చకాయలు. నూజివీడులో బుట్ట అలా సర్దనివాళ్ళెవరో చెయ్యెత్తండి చూద్దాం!

బయల్దేరేముందు మా వియ్యపురాలు వదిన గారికి ఫోన్ చేసి "వస్తున్నామండీ" అని చెప్పాను. ఇది గుర్తుపెట్టుకోండి.

విస్సన్నపేట దాటాక నాకు పైకాయల మీద కూడా అనుమానం పట్టుకుంది. చూడ్డానికి బాగున్నాయి, పుల్లగా ఉంటేనో? ఒకటి తీసి, బాగా పిసికి, తొడిమ కొరికి జుర్రాను. తేనె! రసం మోచేతిదాకా కారింది. చీర పాడవుతుందని చెయ్యి గాల్లో పెట్టుకుని కూర్చున్నాను. అంతలో మా ఆయన, "ఆ సౌండ్ కాస్త తగ్గించు" అన్నారు. తగ్గించడానికి మీటేదీ? వేలితో పొడిచాను. తగ్గలేదు. బొటనవేలితో రుద్దాను. ఉన్నట్టుండి దాని నోరు మొత్తం పడిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు మొదలైంది! ఎవరూ ముట్టుకోకుండానే బొమ్మలు మారుతున్నాయి. రేడియో వచ్చింది, పోయింది, మ్యాప్ వచ్చింది, అది మమ్మల్ని ఏ సముద్రంలోకో తీసుకెళ్ళింది.

"ఇది ఎవరో తిప్పుతున్నారండీ. ఆ జంక్షన్ వాడే! షాపులో కూర్చుని నొక్కుతున్నాడు."

"వాడికి వేరే పనిలేదా?"

వెంటనే ఈయన మీద అనుమానం వచ్చింది. నన్ను ఏడిపించడానికి ఎక్కడో మీట పెట్టించుకున్నారేమో! చేతులు చూశాను, రెండూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. మోకాళ్ళు కూడా కనిపెట్టి చూశాను.

ఇలా కాదని మా ఆయన భుజం మీది తువ్వాలు లాగి స్క్రీన్ మొత్తం కప్పేశాను, అంచులు సందుల్లోకి గట్టిగా దోపి మరీ. దాని కళ్ళు మూసేసినట్టయి నాకు ప్రాణం కుదుటపడింది. అయినా చెవులుంటాయేమో అని ఆయన వైపు వంగి గుసగుసగా చెప్పాను:

"ఏవండీ, వాళ్ళింట్లో బుట్ట హాల్లో దింపించకండి. వదిన గారి చూపు అసలే డేగ చూపు. తిన్నగా వంటింట్లోకి పట్టించండి. అడుగునవన్నీ మచ్చకాయలు."

"నాకెందుకు చెప్తావు, సర్దింది నువ్వు," అన్నారాయన.

చింతలపూడి చేరాం. వదిన గారు గుమ్మంలోనే ఉంది. హాలు మధ్యలో దుప్పటి పరిచి ఉంది.

"రండి వదిన గారూ. మా ఇంట్లో ఒక అలవాటుందండీ, బుట్ట రాగానే బోర్లించేస్తాం. ముందు అడుగు కాయే తింటాం," అంది. అంటూనే బోర్లించేసింది! నా మచ్చకాయలన్నీ పైకొచ్చి వరసగా కూర్చున్నాయి. మా శిరీష కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి!

ఆవిడ మాత్రం ఒక మచ్చకాయ తీసుకుని, తీరిగ్గా జుర్రి, "మొహం ఎలా ఉన్నా రసం బ్రహ్మాండం వదినా. ఇంతకీ ఫోన్లో హలో హలో అని నేనెంత మొత్తుకున్నా మీకు వినపడలేదా? డేగ చూపన్నారు గానీ, డేగకి చెవులు కూడా బాగానే ఉంటాయి," అంది.

నేను ఊరుకుంటానా? "చూశారా! అది వింటోందని నేను చెప్పలేదూ!" అని మా ఆయన మీద లేచాను.

ఆయన నన్ను కారు దగ్గరికి తీసుకెళ్ళి తువ్వాలు తీశారు. స్క్రీన్ నిండా నా బొటనవేలి ముద్రలు, పచ్చగా, జిగటగా. రసం కారి కారి, చివరికి ఫోన్ బొమ్మ దాకా దారి వేసుకుంది. అక్కడ పైనున్న పేరు పొద్దున నేను ఫోన్ చేసిన వదిన గారిదే, సౌండ్ నేనే నొక్కేశాను కాబట్టి ఆవిడ హలో మాకు వినపడలేదు. జంక్షన్ వాడు పాపం ఏ పాపమూ ఎరగడు. అప్పటికే చీమలు బారులు తీరాయి.

వచ్చేటప్పుడు వదిన గారు ఖాళీ బుట్ట పంపకూడదని సపోటాలు నింపి ఇచ్చింది. పైన ఒక్కోటీ ఎంత నిగనిగలాడుతోందో! ఊరు దాటామో లేదో నాకు అనుమానం. అడుగున ఏముందో అని చెయ్యి లోపలికంటా పెట్టి వెతికాను. ఏ మచ్చా లేదు, అన్నీ మంచివే. అట్టడుగున మాత్రం మడత నలగని కొత్త చేతి రుమాలు ఉంది.

అడుగుదాకా చెయ్యి పెడతానని ఆవిడకెలా తెలిసిందండీ? మా ఆయన ఏదో అనబోయారు.

"ఆగండి," అని ముందు ఫోన్ స్విచ్ ఆఫ్ చేశాను.