ఫౌండ్రీకి పెట్టించిన సోడా కుళాయి

1971 జనవరిలో పటాన్‌చెరు దారిలోని ఒక ఇనుప పోత కర్మాగారంలో క్యాంటీన్ సూపర్‌వైజరుగా చేరాను. సంక్షేమాధికారి కింద పని. టిఫిను, భోజనం, టీ చూసుకుంటే చాలనుకున్నాను. చేరిన కొద్ది రోజులకే ఫౌండ్రీ దాహం కూడా నా బాధ్యత అయింది.

ఫౌండ్రీ అంటే ఇనుమును కరిగించి ఇసుక అచ్చుల్లో పోసే విభాగం; ఫ్యాక్టరీ భాషలో షాపు. కొలిమి ముందు నిలబడేవాళ్లకు నీళ్లతోపాటు ఒంట్లోని ఉప్పు కూడా చెమటగా పోతుంది. పిక్కలు పట్టేసి మనిషి కూలబడతాడు. ఫ్యాక్టరీ డాక్టరుగారు ఉప్పు బిళ్లలు ఇప్పిస్తే వాళ్లు వాటిని ఇసుక కుప్పలో పారేసేవారు. షిఫ్టు వదలగానే మాత్రం గేటు బయట గోలీసోడా బండి దగ్గర తోపులాట. అది చూసి డాక్టరుగారు ఉప్పును సోడాలోనే కలిపి ఇమ్మన్నారు. అయితే గాజు సీసాలు షాపులోకి రాకూడదు. పెంకు ఇసుకలో కలిస్తే అచ్చు కట్టేవాళ్ల చేతులు తెగుతాయి.

అందుకని సికింద్రాబాదులో మూతపడిన ఒక కూల్‌డ్రింకు దుకాణం నుంచి పాత సోడా ఫౌంటెన్ కొనిపించాం. నికెల్ పూత పూసిన వంపు కుళాయి, కింద మంచుపెట్టెలో చుట్టలు చుట్టిన రాగి గొట్టం, పక్కన గ్యాసు సిలిండరు. నీళ్లు గొట్టంలో చల్లబడి, గ్యాసు నింపుకొని సోడాగా బయటికి వచ్చేవి. స్టీలు గ్లాసులో ఉప్పు, నిమ్మరసం వేసి దానిమీద సోడా పట్టేవాళ్లం. మొదటిరోజు సోడా బుస్సుమనే చప్పుడు విని ఒకతను, "మా కొలిమి గూడ గిట్లనే బుసకొడ్తది సారూ, గని ఎన్నడన్న గింత సల్లగ మాట్లాడిందా?" అన్నాడు. జనం అంత ఇష్టంగా తాగిన మందును నేను మళ్లీ చూడలేదు.

మేనేజ్‌మెంటు ఆర్డరు ఇది: కరిగిన ఇనుము మోసే లాడిల్ పట్టే ముందు ప్రతి ఒక్కరూ ఫోర్‌మన్ ఎదుట ఒక గ్లాసు ఉప్పుసోడా తాగాలి. తాగనివారికి పోత పని లేదు.

శ్రమ దినాలు మొదలైన రోజే తిరకాసు వచ్చింది. ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై దినాల్లో మా చర్చి సంఘంవాళ్లు తమకు బాగా ఇష్టమైనది ఒకటి విడిచిపెడతామని దేవునికి మొక్కుకుంటారు. ఒకరు మాంసం, ఒకరు బీడీ. జోగిపేట వైపు నుంచి వచ్చిన దేవదానం సోడా విడిచాడు. అతను లాడిల్ పట్టే ప్రొబేషనరు. అప్పటికే ఒకసారి పిక్కలు పట్టి పడిపోయాడు. ఆ నెలలో పర్మనెంటు కావలసినవాడు. ఫోర్‌మన్ పనికిరాడంటే ఇంటిదారే.

ఫోర్‌మన్ సుబ్బారావుగారిది కృష్ణా జిల్లా. నన్ను పిలిపించారు. "మీ చర్చి మనిషేనటగా, మీరే చెప్పండి. సోడా తాగితే దేవుడు అలుగుతాడా ఏంటి? వీడు లాడిల్‌తో పడితే నలుగురి కాళ్లు కాలతాయండీ." ఆయన భయం నిజమైనదే.

దేవదానం చర్చిలో నన్ను 'అన్నా' అనేవాడు, షాపులో 'సారూ' అనేవాడు. ఆ రోజు షాపులోనే అన్నా అన్నాడు. "అన్నా, మొక్కినంక ఎనక్కి తీసుకోవద్దని మొన్న ఆదివారం నువ్వే చెప్తివి గద. గింతలనే నీ మాట మారిందా?"

ఆ సండే స్కూలు పాఠం చెప్పింది నేనే. మనసులో ప్రార్థించుకున్నాను. బైబిల్లో, అరణ్యంలో అలసి పడుకున్న ప్రవక్తకు దేవుడు ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి, ఆ తర్వాతే ప్రయాణం సంగతి చెప్పాడన్నది గుర్తుకొచ్చింది. అప్పుడు అడిగాను: "నువ్వు ఇడిసింది ఉప్పునా, సోడానా?"

"ఉప్పు ఎవలన్న ఇడుస్తరా అన్నా? ఆ బుగ్గలు, ఆ సల్లదనం, ముక్కులకెక్కే ఆ ఘాటు, గదే నాకు పానం. గదే ఇడిసిన."

డాక్టరుగారి దగ్గరికి వెళ్లి సోడా తప్పనిసరా అని అడిగాను. గ్యాసు మందు కాదని, మందు తాగించడానికి వేసిన ఎర మాత్రమేనని ఆయన నవ్వారు. ఫోర్‌మన్‌కు ఫోన్ చేసి, ఉప్పూ నీళ్లూ కడుపులోకి వెళితే చాలన్నారు.

ట్యాంకు నీళ్లలో ఉప్పు, నిమ్మరసం కలిపి ఇచ్చాను. ఎండకు ఆ నీళ్లు అప్పటికే గోరువెచ్చగా ఉన్నాయి. దేవదానం గ్లాసు ఖాళీ చేసి మొహం చిట్లించాడు. "అన్నా, సోడా మానుడు అల్కనే. ఇది తాగుడే పెద్ద ఉపాసం." సుబ్బారావుగారు కూడా నవ్వి, లాడిల్ వైపు చెయ్యి చూపించారు.

ఈస్టరు వరకు ప్రతి షిఫ్టులోనూ అదే తాగాడు. మళ్లీ పడలేదు. పర్మనెంటు అయ్యాడు. ఫౌంటెన్ పక్కన మామూలు నీళ్ల కుళాయి ఒకటి పెట్టించాను. గ్యాసు పడనివాళ్లు చాలామంది ఉన్నారని అప్పుడు తెలిసింది. అంతవరకు వాళ్లు మొహమాటానికి తాగుతున్నారు.

కార్మికుడి ఒంటికి ఏం కావాలో డాక్టరు చెప్పగలడు. అది ఏ రూపంలో అయితే అతను తీసుకోగలడో అతన్నే అడగాలి. రిటైరయ్యేవరకు క్యాంటీన్‌లో ఏ మార్పు చేయాలన్నా ముందు తినేవాళ్లను అడిగి, ఆ తర్వాతే సంక్షేమాధికారి గదికి వెళ్లాను. ఉద్యోగంలో అంత తొందరగా ఆ పద్ధతి నేర్పినందుకు దేవునికి కృతజ్ఞుణ్ణి.