దేవుడి పటం కింద కారు తాళం

మా పొలం క్యాతగానచెర్లు దగ్గర సోలారు పలకల కింద ఉంది. సోలారు కంపెనీ నుంచి ఏటా కౌలు వస్తుంది గానీ, కంచె ఇవతల నిలబెట్టి నీ చేను ఏదో చూపించమంటే చూపించలేను. సేద్యం పోయాక స్టీరింగు పట్టాను. కొన్నేళ్లు పరాయి కారులో ఇంజనీర్లను తిప్పాను. చివరికి, పాతదే అయినా, ఒక తెల్లకారు నాదైంది. చేత్తో తడిమి ఇది నాది అనుకోవడానికి నాకు మిగిలింది అదొక్కటే.

దానికి పూజ చేయించిన పొద్దునే మా వీధి వాళ్లంతా కలిసి మాట్లాడుకున్న బస్సులో తిరుపతికి బయలుదేరాం. ముహూర్తం అలా కుదిరింది. మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పూజ చేసిన బండి తాళంచెవి, కొండకు వెళ్లి వచ్చేదాకా దేవుడి పటం కింద మేకుకే వేలాడాలి. జేబులో వేసుకుని తిరగకూడదు. ఇంటి తాళంచెవేమో ఎప్పుడూ గుమ్మం పక్క గూట్లోనే ఉంటుంది.

పదో తరగతి చదివే నా కూతురు పూజంతా వీడియో తీసింది. నేనే తీయమన్నాను. పటం, మేకు, నంబరు పలకకు పసుపు, చక్రాల కింద నిమ్మకాయలు, పగిలిన గుమ్మడికాయ, అన్నీ ఉన్నాయి. బస్సెక్కగానే దాన్ని నా ఫోన్లో స్టేటస్ పెట్టాను. ఎవరూ బాడుగకు పిలవకుండా, ‘మూడు రోజులు ఊర్లో ఉండం’ అని కింద రాశాను కూడా. పిలిచిన ప్రతివాడి నంబరూ దాచుకోవడం నా అలవాటు. అందులో సగం మంది ముఖాలు నాకు గుర్తు లేవు.

కదిరి రాకముందే ఒక మెసేజి వచ్చింది. ఆ నంబరుకు నేను పెట్టుకున్న పేరు ‘సోలార్ లోడింగ్’.

“కారు సూపర్ అన్నా. దాంట్లోనే పోతాండారా?”

సంబరం కొద్దీ వెంటనే రాసేశాను. “లేదప్పా, బస్సులో. కారు ఇంటికాడే ఉండాది.”

ఫోను జేబులో పెట్టబోయి ఆ పేరు మళ్లీ చదివాను. ఎవడీ లోడింగు? ఎప్పుడు ఎక్కించుకున్నాను? ఎంత ఆలోచించినా ముఖం గుర్తుకు రాలేదు. వీడియో మళ్లీ చూశాను. బస్సులో పాటల హోరుకు ఏమీ వినపడలేదు. చివర్లో నా చెయ్యి గూట్లోకి వెళ్లి, తాళంచెవి పెట్టి, బయటికి వచ్చింది.

“గూడు కూడా తీయల్లా నువ్వు? బుద్ధి ఉండాదా?” అని కూతురి మీద విరుచుకుపడ్డాను.

“నాయనా, నేను అప్పుడే...”

“నోరు మూసుకో!”

బస్సంతా ఇటు తిరిగింది. అది కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. స్టేటస్ తీసేశాను. తీసేస్తే మాత్రం, చూసినవాళ్లు మరిచిపోతారా? వీధిలో మిగిలింది ఎదురింటి అవ్వ ఒక్కతే. పాలిచ్చే ఎనుమును వదిలి రాలేక ఆగిపోయింది. ఆమెకు ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

కదిరిలో దిగిపోతానన్నాను. నా భార్య ఆపలేదు. “మొక్కు నేను తీరుస్తాలే. దీన్నీ తీసుకపో. ఏడ్సుకుంటా కొండెక్కితే ఏం బాగుంటాది?” అంది.

రెండు బస్సులు మారి వెనక్కి వచ్చాం. దారి పొడుగునా ఎదురొచ్చిన ప్రతి తెల్లకారు నంబరూ చదివాను. చిన్నపిల్లవాడిలా ఏడవాలనిపించింది. పొలాన్ని నేనే సంతకం పెట్టి ఇచ్చాను. కారును కూడా నేనే, ఫోన్లో, ఎవరికో ఇచ్చేశాననిపించింది.

మధ్యాహ్నం మూడుకు వీధి మలుపు తిరిగాం. కారు ఉంది. దాని ముందు బంపరుకు అవ్వ ఎనుము కట్టేసి ఉంది. అది తీరిగ్గా నంబరు పలక మీది పసుపు నాకుతోంది. పక్కనే మంచం వేసుకుని అవ్వ కూర్చుంది. వెళ్లి ఆ మంచం పక్కనే కూర్చున్నాను.

“ఫోను ఎందుకు ఎత్తలేదవ్వా?”

“ఇంట్లో ఉండాది. దీన్ని ఇడిచిపెట్టి యాడికి పోదును?” అని కారును చూపించింది. “బైకులో ఎవురో ఇద్దురు వచ్చినారప్పా. ఫోన్లో ఏందో చూపించి, ఈ ఇల్లేనా అని అడిగినారు. ఇదే, నా కొడుకు లోపల పండుకోనుండాడు, లేపల్లా అంటి. పోయినారు.”

కొంగు ముడి విప్పి రెండు తాళంచెవులూ నా చేతిలో పెట్టింది.

“ఇవి నువ్వెందుకు తీసినావు?”

“నాకు ఆ బొమ్మలు యాడ కనపడతాయి? నీ గొంతు మాత్రం వినపడింది. కారు బీగం చెవి మేకుకు ఉండాది, ఇంటిది గూట్లో ఉండాది, మన ఊర్లో ఎవురు ముడతారు అంటాండావు. వాళ్లు పోతానే తీసి ముడేసుకుంటి.”

నేను నమ్మలేదు. ఫోను తీసి వీడియో పెట్టాను. పాటల హోరు లేని ఆ వీధిలో ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది. నా గొంతే. నవ్వుతూ, పూజారికి గొప్పగా చెబుతున్నాను.

సిగ్గుతో కూతురి వైపు చూడలేకపోయాను. అంతలో ఫోన్లోంచి దాని గొంతు సన్నగా వినిపించింది.

“నాయనా, అవి చెప్పాకు. వీడియో అయితాంది.”