ఊద గింజ రాల్చకముందే

రెండు వారాల కిందట, ఒక సోమవారం పొద్దున, మా గెట్టు పొలం పెద్దమ్మ భూపాలపల్లి దవాఖానలో కన్నుమూసిందని ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు పొట్ట మీదున్న వరికి నీళ్లు పెడుతున్నాను. వారం నుంచి ఊపిరాడక అవస్థ పడుతోందని తెలుసు. అయినా తిరిగి వచ్చేస్తుందనే అనుకున్నాను. మోటరు బంద్ చేసి గెట్టు మీద కూర్చున్నాను.

మీరామెను ఎరగరు. టేకుమట్ల దగ్గర మా ఊళ్లో ఆమెకు ఎకరన్నర పొలం. దాన్ని ఆనుకునే మా మూడెకరాలు. రక్త సంబంధం లేదు. మా నాయిన ఆమెను వదినె అని పిలిచేవాడు కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. ఎవరితో మాట్లాడుతున్నా ఆమె చేతులు ఊరకుండేవి కావు. మాట మధ్యలోనే వంగి ఒక కలుపు మొక్క పీకి ఒళ్లో వేసుకునేది. ఇంటికి పోయి బర్రెకు వేసేది. కోపం ఎక్కువ. చాయిలో చక్కెర తగ్గితే గ్లాసు వెనక్కి పంపేది.

చిన్నప్పటి నుంచి కలుపు తీత కూలికి పోయిన మనిషి, గడ్డి మందును తిడుతుందనుకున్నాను. ఒకసారి అడిగితే కస్సుమంది. "మందునెందుకు తిడ్తవ్? మందొచ్చినంకనే నా నడుం లేచి నిలవడ్డది. తప్పు మందుది కాదు, ఏండ్లకేండ్లు గదొక్కటే కొట్టినోళ్లది."

ఆ తప్పు చేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. నాలుగేళ్ల కిందట, నాటేసిన ఇరవయ్యో రోజున ఎప్పటి మందే కొట్టాను. వరిలో కలుపుగా మొలిచే ఊద గడ్డి పసుపుపచ్చగా వాడింది. చచ్చిందనుకున్నాను. వారానికి అదే మొదట్లోంచి కొత్త ఆకు లేచింది. రేగొండ పోయి, నకిలీ మందు ఇచ్చావంటూ దుకాణదారుతో కొట్లాడాను. డోసు పెంచమన్నాడు. రెట్టింపు కొట్టాను. ఈసారి వరి మాడింది, ఊద మాత్రం నిలిచింది.

ఆ కోపం తీసుకుపోయి పెద్దమ్మ మీద పోశాను. "నీ మడిల గడ్డే నీళ్లతోని నా పొలానికి వస్తుంది" అని అరిచాను. ఆమె నా చేయి పట్టుకుని గెట్టుకున్న గండి దగ్గరికి తీసుకుపోయింది.

"నీళ్లు ఎటుకెళ్లి ఎటు పోతున్నయ్, జర సూడు బిడ్డా."

నీళ్లు నా మడిలోంచి ఆమె మడిలోకి పారుతున్నాయి. గండికి అడ్డంగా ఒక పాత దోమతెర గుడ్డ కట్టి ఉంది. దాని నిండా నా పొలం నుంచి తేలుతూ వచ్చిన గడ్డి గింజలు, చెత్త. రెండేళ్లుగా ఆమె వాటిని ఎత్తి అవతల పారబోస్తోంది. నాకొక్క మాట చెప్పలేదు.

పొలం కౌలుకిచ్చేసి బొగ్గు లారీ మీద డ్రైవరుగా పోదామని అప్పటికే ఒక లారీ ఓనరుతో మాట్లాడుకున్నాను. నా భార్య ఆ సంగతి ఆమె చెవిన వేసింది. పొద్దుగూకక ముందే పెద్దమ్మ మా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"పోతే పో. కౌలుకొచ్చినోడు గూడ గదే మందు కొడ్తడు. నీ కింద ఉన్న నా మడి ఏం గావాలె?"

"మందుకే చస్తలేదు పెద్దమ్మా, నేనేం జెయ్యాలె?"

"చచ్చేటియి చచ్చినయ్. చావనియి గింజలేసినయ్. గిప్పుడున్నయన్నీ వాటి పిల్లలే. గింజ రాల్చకముందే పీకాలె. ఒక్క పంటకు తెగేది కాదు, మూడేండ్లు నేను జెప్పినట్టు జెయ్యి."

మర్నాడు పెద్దమ్మా, నా భార్యా, నేనూ ముగ్గురం మడిలో దిగాం. ఊద లేతగా ఉన్నప్పుడు వరిలాగే ఉంటుంది. పెద్దమ్మకేమో కళ్లలో పొర వచ్చింది. అయినా ఆమె చేయి తప్పేది కాదు. ఆకు కాడను కలిసే చోట తడిమేది. వరికక్కడ చిన్న నాలుకలాంటి పొర తగులుతుంది, ఊదకు నున్నగా ఉంటుంది. అలా తడిమి చూడడం నా భార్యకు నేర్పింది. పొరపాటున వరి పీకితే చేతి మీద ఒక్కటిచ్చేది.

నీళ్లు నిలవకుంటే ఊదకు బలం తగ్గుతుందని ఆ యాసంగికి వరి వద్దంది, నువ్వులు వేశాం. భూమిలో ఉన్న ఊద గింజ ముందే మొలిచిపోవాలని, వానాకాలం నాట్లకు ముందు మడి తడిపి వదిలేయమంది. గడ్డి పచ్చగా మొలిచింది. "కలుపును సాగు జేస్తున్నవా?" అని దారిన పోయేవాళ్లు నవ్వారు. నాకూ సిగ్గనిపించింది. మొలిచిన గడ్డిని బురదలో కలియదున్నించి, మళ్లీ తడిపి, మళ్లీ మొలవనిచ్చి, మళ్లీ దున్నించింది. వ్యవసాయాధికారి వచ్చి చూసి, మంచి పనే చేస్తున్నారని చెప్పి, వేరే రకం మందు పేరు రాసిచ్చాడు. నేను పెద్దమ్మ వైపు చూశాను.

"కొట్టు. ఒక్కసారే, లేత మీద. మిగిలింది చేతులతోని."

మొదటి ఏడు పెద్దగా తేడా రాలేదు. లారీ ఓనరుకు మళ్లీ ఫోన్ చేయబోయి మానుకున్నాను. రెండో ఏడు వరి వరిలా కనబడింది. మూడో ఏడు, మమ్మల్ని చూసి నవ్విన వాళ్లే తమ మడులు ముందుగా తడిపారు. లారీ ఆలోచన నాకు మళ్లీ రాలేదు.

దవాఖానలో చివరిసారి చూసినప్పుడు ముక్కుకు గొట్టం ఉంది. అది పక్కకు జరిపి అడిగింది:

"ఈసారి ఊద ఎంత పీకినవ్?"

"పిడికెడే పెద్దమ్మా."

"పిడికెడేనా? నువ్వు సరింగ సూడలే."

నర్సు కూడా నవ్వింది. నేను ఇంటికి రాగానే మళ్లీ మడిలో దిగాను. నిజంగానే ఇంకో నాలుగు ఊద మొక్కలు దొరికాయి. ఆ సంగతి ఆమెకు చెప్పే వీలు లేకపోయింది.

దినాలైన మర్నాడు ఆమె కోడలూ నేనూ పొలానికి పోయాం. వరి వెన్నులన్నీ బయటికి వచ్చాయి. ఇంకా పాలు పోసుకోలేదు, నిటారుగా ఉన్నాయి.

"అత్తమ్మ మడి నేనే జేసుకుంట బావా. తెలువకుంటే అడుగుత" అంది.

నేను తలూపాను. ఆమె చెప్పులు విడిచి, చీర ఎగ్గట్టి, మడిలోకి దిగింది. వరి ఆమె నడుము దాకా వచ్చింది. రెండు చేతులతో మెల్లగా పాయలు తీసుకుంటూ, ఊద కోసం వంగి చూసుకుంటూ పోతోంది. ఆమె ముందుకు పోయినకొద్దీ వెనకాల వరి మళ్లీ దగ్గరికి కలుసుకుంటోంది.